అర్ధరాత్రి గొడుగు

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. లాటరీ తగిలినవాడు చితికిపోయాడని విన్నా, రోడ్డు పక్క పొలం అమ్ముకున్న రైతు అప్పులపాలయ్యాడని విన్నా తెలుగునాట ముందుగా నోటికొచ్చే సామెత ఇదే. ఈ సామెతలో డబ్బుకు దోషం లేదు, ఊరికి దోషం లేదు. దోషమంతా ఆ అల్పుడిదే. ఈ తీర్పు ఎంతవరకు నిజం? అనుకోకుండా వచ్చిపడిన సంపద ఎవరికి, ఏ దారిలో భారమవుతుంది? దీనిమీద దాదాపు యాభై ఏళ్లుగా జరిగిన అధ్యయనాలను, మన కళ్లముందున్న అనుభవాలను ఒకచోట పెట్టి చూశాక, ఈ సామెతను ఇంకొకసారి వాడే ముందు ఆగి ఆలోచించాలనే నిర్ణయానికి వచ్చాను.

2022 సెప్టెంబరులో తిరువనంతపురంలో ఒక ఆటో డ్రైవరుకు కేరళ ఓణం బంపర్ లాటరీ మొదటి బహుమతి, 25 కోట్ల రూపాయలు, తగిలింది. టికెట్టు ధర 500. చేతిలో డబ్బు చాలక బిడ్డ కిడ్డీ బ్యాంకు పగలగొట్టి మరీ కొన్నాడు. వంటవాడిగా మలేషియా వెళ్లే ప్రయత్నంలో ఉన్న మనిషి. వారం తిరగకముందే, ఈ బహుమతి రాకపోయినా బాగుండేదని ఒక వీడియోలో గోడు వెళ్లబోసుకున్నాడు. తెల్లారేసరికి వాకిట్లో జనం. వైద్యానికి ఇమ్మని ఒకరు, పెళ్లికి ఇమ్మని ఒకరు. సొంతింట్లో ఉండలేక బంధువుల ఇళ్లు మారాడు. ఒంట్లో బాగాలేని బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడం కూడా కష్టమైంది. డబ్బు ఇంకా చేతికి రాలేదంటే నమ్మినవారు లేరు. రెండో బహుమతో మూడోదో వచ్చినా సరిపోయేదన్నాడు.

ఆ 25 కోట్ల లెక్క కూడా విప్పి చూడాలి. ఏజెంటు కమిషన్ పది శాతం పోగా 22.5 కోట్లు మిగులుతుంది. అందులో 30 శాతం ఆదాయపు పన్ను ముందే పట్టుకుంటారు. మిగిలేది 15.75 కోట్లు. ఆ పన్నుమీద ఆనాడు 37 శాతం సర్‌ఛార్జీ, దానిమీద 4 శాతం సెస్సు ఉన్నాయి. వాటిని గెలిచినవాడే తర్వాత కట్టుకోవాలి. ఆ సంగతి ముందు తెలియక బ్యాంకులో పడినదంతా తమదేననుకుని నోటీసు వచ్చాక బెంబేలెత్తినవాళ్లు ఉన్నారు. అన్నీ పోగా ఆయనకు నిలిచేది 12.88 కోట్ల దగ్గర. వాకిట నిలబడ్డ ప్రతి మనిషీ మాత్రం 25 కోట్ల లెక్కతోనే వచ్చాడు. పేపర్లో పడిన అంకె అదే మరి.

ఇందులో ఆయన పట్టమన్న గొడుగు ఎక్కడుంది? ఎవరినీ ఏమీ అడగకముందే ఊరంతా ఆయన ఇంటిముందు నిలబడింది.

పరిశోధనల వైపు వద్దాం. ఈ విషయంలో అందరికీ తెలిసిన అంకె ఒకటుంది: లాటరీ గెలిచినవాళ్లలో 70 శాతం మంది కొన్నేళ్లలోనే దివాలా తీస్తారని. పత్రికల్లో, ఉపన్యాసాల్లో వేలసార్లు తిరిగిన మాట ఇది. అమెరికాలోని నేషనల్ ఎండోమెంట్ ఫర్ ఫైనాన్షియల్ ఎడ్యుకేషన్ అనే సంస్థ ఈ లెక్క తేల్చిందని చెబుతూ వచ్చారు. ఆ సంస్థే 2018లో ముందుకొచ్చి, దీనికి తమ పరిశోధన ఆధారం ఏదీ లేదని ప్రకటించింది. అంకె మాత్రం ఇప్పటికీ ఆగలేదు. సామెత చెప్పినదాన్నే అది లెక్కల రూపంలో చెబుతోంది, అందుకే మనకు అంత సులువుగా నచ్చుతుంది.

అంతకంటే గౌరవంగా ఉదహరించేది 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు మనస్తత్వవేత్తలు వెలువరించిన అధ్యయనం. ఇల్లినాయ్ రాష్ట్ర లాటరీ గెలిచినవారిని, ప్రమాదాల్లో కాళ్లూ చేతులూ పడిపోయినవారిని, మామూలు జనాన్ని పోల్చి చూశారు. గెలిచినవారు మామూలు జనంకంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరని, పైగా రోజువారీ చిన్న చిన్న సుఖాల్లో వారికి దొరికే ఆనందం తగ్గిందని తేలింది. మాట లోతైనదే. కాని ఆ అధ్యయనంలో లాటరీ గెలిచినవారు 22 మందే. గెలవకముందు వాళ్లెలా ఉన్నారో ఎవరూ చూడలేదు. ఇంత చిన్న లెక్కమీద అర్ధశతాబ్దంపాటు అంత పెద్ద సిద్ధాంతం నిలబెట్టడం న్యాయం కాదు.

స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్, ఓస్ట్‌లింగ్, సెసరీని చేసిన పని దీనికి సరైన జవాబు. లాటరీ తగిలిన 5 నుంచి 22 ఏళ్ల తర్వాత వేలమందిని పలకరించి, గెలిచే అవకాశం సమానంగా ఉండీ గెలవనివారితో పోల్చారు. 2020లో అచ్చయిన ఫలితం ఇది: పెద్ద బహుమతి పొందినవారికి జీవితంమీద తృప్తి పెరిగింది, పదేళ్లు దాటినా ఆ పెరుగుదల చెరిగిపోలేదు. రోజువారీ సంతోషంలో, మానసిక ఆరోగ్యంలో మార్పు తక్కువే. కాని జీవితం తలకిందులైన జాడ లేదు. బ్రిటన్‌లో మధ్యరకం బహుమతులు గెలిచినవారిమీద గార్డ్‌నర్, ఓస్వాల్డ్ 2007లో ప్రకటించిన పరిశీలన కూడా ఇదే వైపు మొగ్గింది.

అలాగని భారం అంతా కట్టుకథ అనలేం. ఫ్లోరిడా లాటరీ రికార్డులను దివాలా కోర్టుల రికార్డులతో జతపరిచి హాంకిన్స్, హుక్‌స్ట్రా, స్కీబా 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. 50 వేల నుంచి లక్షా 50 వేల డాలర్ల దాకా గెలిచినవారు, 10 వేలకు లోపు గెలిచినవారితో పోలిస్తే, మొదటి రెండేళ్లలో దివాలా తీయడం సగానికి తగ్గింది. మూడో ఏడు నుంచి ఐదో ఏడు మధ్య అది మళ్లీ పెరిగి, మొత్తంమీద లెక్క సమానమైంది. ఆ డబ్బు చాలామందికి తాకట్టు లేని అప్పులన్నీ తీర్చగలిగేంత ఉంది. అయినా దివాలా తప్పలేదు, వాయిదా పడింది. ఈ ఫలితాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాని ఇది చెప్పేదేమిటి? అదృష్టం వారిని పాడుచేసిందని కాదు. అంతకుముందు ఏ పరిస్థితి వారిని అప్పుల్లోకి తోసిందో, ఒక్కసారి వచ్చిన డబ్బు దాన్ని మార్చలేకపోయిందని.

పేదవాడి చేతికి డబ్బొస్తే తాగి తగలేస్తాడనే మాట ఈ సామెతకు కవలపిల్ల. లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియాల్లో నగదు బదిలీ పథకాలమీద వచ్చిన 19 అధ్యయనాలను డేవిడ్ ఇవాన్స్, అన్నా పోపోవా సమీక్షించారు. మద్యం, పొగాకుమీద ఖర్చు పెరిగిన దాఖలా కనబడలేదు. చాలాచోట్ల తగ్గింది. పింఛనో, రైతుబంధో, మరో పథకమో చర్చకొచ్చిన ప్రతిసారీ మన టీ దుకాణాల్లో, టీవీల్లో వినబడే ఆ నింద, తెలిసి చేసినా తెలియక చేసినా, అబద్ధమే.

మరి భారం ఎక్కడినుంచి వస్తోంది? నా మటుకు నాకు దొరికిన మొదటి జవాబు: ఊరికి తెలియడం దగ్గరినుంచి.

నెదర్లాండ్స్‌లో పిన్‌కోడ్‌లాంటి సంకేతం ఆధారంగా నడిచే లాటరీ ఒకటుంది. ఒక వీధి సంకేతానికి బహుమతి తగిలితే అక్కడ టికెట్టు కొన్నవారందరికీ డబ్బొస్తుంది, ఒకరికి కొత్త బీఎండబ్ల్యూ కారు కూడా. 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం, గెలిచినవారి పక్కింట్లో ఉండి టికెట్టు కొననివారు కూడా కార్లు కొనడం పెరిగింది. కెనడాలో మరో పరిశోధక బృందం, లాటరీ గెలిచినవారి ఇరుగుపొరుగులో దివాలాలు పెరగడం గమనించింది. బహుమతి ఎంత పెద్దదైతే పొరుగువారి అప్పు అంత పెరిగింది. అంటే అదృష్టం ఒక ఇంటికొస్తే దాని బరువు పక్కింటిదాకా పాకుతోంది.

ఊరికి తెలియడం ఒక్కోసారి ప్రాణాలమీదికి తెస్తుంది. 1960లో సిడ్నీ ఒపేరా హౌస్ నిర్మాణానికి నిధులు కూడబెట్టే లాటరీలో ఒక కుటుంబానికి లక్ష పౌన్లు తగిలాయి. పేరూ చిరునామా పత్రికల్లో వచ్చాయి. అయిదారు వారాలకే, జూలై 7న, ఆ ఇంటి ఎనిమిదేళ్ల బాలుడు గ్రేమ్ థార్న్‌ను బడికి వెళ్లే దారిలో ఎత్తుకుపోయి 25 వేల పౌన్లు డిమాండ్ చేశారు. బిడ్డ ప్రాణాలతో దొరకలేదు. గెలిచినవారు కోరితే పేరు గోప్యంగా ఉంచే పద్ధతి ఆస్ట్రేలియాలో ఆ తర్వాతే వచ్చింది. ఆ తల్లిదండ్రులు చేసిన తప్పల్లా ఒక టికెట్టు కొనడం.

మన నేలమీద ఈ భయం ఎలా పనిచేస్తుందో చూడాలంటే తొలకరికి రాయలసీమ వెళ్లాలి. తుగ్గలి మండలం జొన్నగిరి, మద్దికెర దగ్గర పెరవలి, అనంతపురం వైపు వజ్రకరూరు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలగానే జనం ఎర్రచేలల్లో వంగి నడుస్తుంటారు. పక్క జిల్లాలనుంచి, కర్ణాటక, తెలంగాణలనుంచి కుటుంబాలతో సహా వచ్చి చెట్లకింద వంట చేసుకుంటారు. ఏటా కొందరికి నిజంగానే వజ్రం దొరుకుతుంది. దొరికినవాడు ఏం చేస్తాడు? మూడోకంటికి తెలియకముందే స్థానిక వ్యాపారికి ఇచ్చేస్తాడు. ఇంత నగదు, ఇన్ని తులాల బంగారం అని బేరం తెగుతుంది. దాని అసలు విలువ ఎంతో అమ్మినవాడికి ఎప్పటికీ తెలియదు. అధికారులకు తెలిస్తే ఏమవుతుందోనన్న భయం, ఊరికి తెలిస్తే ఏమవుతుందోనన్న భయం కలిసి ధరను కిందికి తొక్కేస్తాయి. ఆ గుట్టుమీద బతికే వ్యాపారి మాత్రం ఏటా బాగుపడతాడు. ఇక ఆ చేను యజమాని మాటేమిటి? విత్తనం వేసే అదునులో పొలం నిండా మనుషులు. దున్నిన చాలు తొక్కేస్తారు, మొలక తొక్కేస్తారు. కాపలా కాయలేక, పొమ్మనలేక రైతులు నలిగిపోతున్నారు. వజ్రాల నేల అనే పేరు ఆ రైతుకు తెచ్చిపెట్టిన బరువు ఇది.

లంకెబిందెలు దొరికితే ఏం చేయాలో మన చట్టం 1878లోనే చెప్పింది. పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, దొరికినవాడికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు. దాచిపెడితే ఏడాదిదాకా జైలు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. నూటయాభై ఏళ్లకు దగ్గరపడుతున్న ఈ చట్టంలో దొరికినవాడికి న్యాయమైన వాటా ఉందని మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? జైలు మాట మాత్రం అందరికీ తెలుసు.

వజ్రాల మాట వచ్చింది కనుక కోహినూరు శాపం గురించి ఒక్క మాట. ఆ రాయి మన పల్నాటి కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది చెబుతారు. నాదిర్ షా హత్యకు గురయ్యాడు. అతని మనవడు, చూపులేని షారుఖ్‌ను, దాచిన నగల ఆచూకీ చెప్పమని 1796లో చిత్రహింసలు పెట్టారు. ఆ దెబ్బలతోనే చనిపోయాడు. దీన్ని రాయి శాపం అనడం, ఆ హింస పెట్టినవారి నేరాన్ని రాయిమీదికి నెట్టడమే.

అనుకోని సంపద ఎవరికి ఎలా భారమవుతుందన్న ప్రశ్న తెలుగువారికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది భూమి రూపంలో. రెండు రాష్ట్రాల్లోనూ లాటరీ లేదు. కాని హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎటు తిరిగితే అటు లాటరీ తగిలింది. 2023లో కోకాపేట వేలంలో ఎకరా వంద కోట్లు దాటింది. అక్కడ తాతలనాడు జొన్నలు పండించినవారిలో చాలామంది ఆ ధరకు దగ్గరలో ఎక్కడా అమ్ముకోలేదు. పిల్ల పెళ్లికనో, బోరు ఎండిందనో ముందే దళారికి అగ్రిమెంటు రాసిచ్చారు. అమ్మకుండా నిలుపుకున్నవారి ఇళ్లలో మరో కథ నడిచింది: దాయాదుల దావాలు, ఇంజంక్షన్లు, ఒకే సర్వే నంబరుకు రెండు పాసుపుస్తకాలు.

ఆడపడుచు కేసు వేసిందని, అన్నదమ్ముల అదృష్టంమీద కన్నేసిందని ఆ ఊళ్లలో చెప్పుకుంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చే చట్టాన్ని ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి తెచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం చట్టం సవరించింది. 2020లో సుప్రీంకోర్టు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. ఎకరా వేలల్లో ఉన్నప్పుడు ఆమె పుట్టింటి మనసు నొచ్చకూడదని ఊరుకుంది. కోట్లయ్యాక నోరు విప్పితే ఆశపోతు అనిపించుకుంది. పాతికేళ్లుగా బాకీ ఉన్న వాటాను అడగడం ఆశ ఎలా అవుతుంది? భూమి ధర ఆ తగాదాను పుట్టించలేదు. ఎప్పుడో చేసి కప్పిపెట్టిన అన్యాయాన్ని బయటపెట్టింది.

అమరావతిది ఇంకో రకం పాఠం. 2015లో ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం జరిగిన భూసమీకరణలో 28 వేలమందికి పైగా రైతులు 33 వేల ఎకరాలకు మించి ఇచ్చారు. బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇస్తామన్నారు. పదేళ్లపాటు ఏటా కౌలు కూడా: మెట్టకు ఎకరాకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటేటా పెంపుతో. మూడు నాలుగు పంటలు తీసే జరీబు నేలల్లో ఎకరా ధర కోటి దాటింది. ఊళ్లలో కొత్త ఇళ్లు లేచాయి, కార్లు దిగాయి. పట్నం పేపర్లు వాటి ఫోటోలు వేసి మళ్లీ ఆ గొడుగు సామెతే గుర్తుచేశాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ధరలు కుప్పకూలాయి. కూతురికి ప్లాటు రాసిస్తామని మాటిచ్చినవారు, ప్లాటును చూపి అప్పు తెచ్చినవారు దిక్కుతోచక కూర్చున్నారు. భూమి చేజారింది, ప్లాటు కాగితంమీదే ఉండిపోయింది, కౌలు సొమ్ము కోసం ఎదురుచూపులు మిగిలాయి. నాలుగేళ్లకు పైగా టెంట్ల కింద కూర్చున్నవారిలో ఆడవాళ్లే ఎక్కువ. ఒక్కసారిగా కాకుండా కొంచెంకొంచెంగా డబ్బివ్వడం మంచి పద్ధతే. కాని ఇచ్చేవారి మాట నిలబడకపోతే ఆ మంచి పద్ధతే ఉరితాడవుతుంది. వీరికంటే వెనుక, ఎవరూ ఫోటో తీయని మనిషి ఒకరున్నారు: ఆ పొలాల్లో కౌలుకు చేసిన రైతు, కూలికి వెళ్లిన మనిషి. వారికి తగిలిన లాటరీ ఏమీ లేదు, ఉన్న పని పోయింది. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 పింఛను మాత్రం ఇచ్చారు.

దేశాలకు కూడా ఇదే జరుగుతుంది. పసిఫిక్‌లో 21 చదరపు కిలోమీటర్ల నౌరు ద్వీపం నిండా ఫాస్ఫేట్. 1968లో స్వతంత్రమై, గనులు చేతికొచ్చాక, 1970లలో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందువరసలో నిలిచింది. పన్నులు లేవు. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు. సొంత విమానాలు నడిపారు. సలహాదారుల మాటమీద 1993లో లండన్‌లో ఒక సంగీతనాటకానికి పెట్టుబడి పెడితే కొద్ది వారాలకే మూతపడింది. గనులు అయిపోయాయి, ద్వీపంలో అయిదింట నాలుగు వంతులు తవ్వేసిన రాళ్లగుట్టలుగా మిగిలింది. 2004లో నౌరు హౌస్ చేజారింది. 2005లో చివరి విమానాన్ని అప్పులవాళ్లు పట్టుకుపోయారు. శరణార్థులను ఆస్ట్రేలియా నిర్బంధించే శిబిరానికి చోటిచ్చి వచ్చిన సొమ్ముతో ఆ దేశం నెట్టుకొచ్చింది. అక్కడివారిని సోమరులని నవ్వినవారు చాలామంది. స్వాతంత్ర్యానికి ముందు దాదాపు అయిదు దశాబ్దాలు ఆ ఫాస్ఫేటును కారుచౌకగా తరలించుకుపోయింది బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అన్న సంగతి నవ్వినవారికి గుర్తురాలేదు. దానిమీద నౌరు అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాక, 1993లో ఆస్ట్రేలియా పది కోట్ల డాలర్లకు పైగా చెల్లించే ఒప్పందానికి వచ్చింది.

నార్వేకు 1969లో సముద్రంలో చమురు దొరికింది. అక్కడివారు మనకంటే ఉత్తములేమీ కారు. 1990లో నిధి చట్టం చేసుకున్నారు. 1996లో మొదటి సొమ్ము వేశారు. దాన్ని దేశం బయటే పెట్టుబడి పెడతారు. ఏటా నిధిలో సగటున నాలుగు శాతానికి మించి వాడకూడదని 2001లో గీత గీసుకున్నారు. 2017లో దాన్ని మూడుకు తగ్గించారు. అలాస్కా మరో దారి పట్టింది: చమురు నిధి రాబడిలో కొంత 1982 నుంచి ఏటా ప్రతి నివాసికీ పంచుతోంది. అందరికీ ఒకేసారి, సమానంగా వస్తుంది కనుక ఎవరి వాకిటా ఎవరూ నిలబడనక్కర్లేదు. ఆ డబ్బువల్ల జనం పనిమానేశారా అని వెతికినవారికి, మొత్తం ఉద్యోగాలు తగ్గిన జాడ కనబడలేదు.

కనుక చేయాల్సింది ఏమిటో కనబడుతూనే ఉంది. 2013 భూసేకరణ చట్టంలోనే, నిర్వాసిత కుటుంబం ఏకమొత్తంగా అయిదు లక్షలు తీసుకోవచ్చు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు కనీసం రెండు వేలు, ధరలకు అనుగుణంగా పెంచుతూ, తీసుకోవచ్చు. ఈ రెండో దారి ఉందని చెక్కు రాసే రోజున అధికారులు నోరు తెరిచి చెప్పాలి. ఆ చెక్కుకు ముందే ఇంటి ఆడపిల్లల వాటా తేల్చాలి. కౌలుదారు పేరు రికార్డులో ఉండాలి. కేరళ ప్రభుత్వం లాటరీ గెలిచినవారికి డబ్బు నిర్వహణమీద శిక్షణ మొదలుపెట్టింది. పరిహారం పంచే ప్రతి జిల్లాలో అలాంటిది ఉండాలి, అదీ బ్యాంకు ఏజెంట్లు లేనిచోట.

ఆ తిరువనంతపురం డ్రైవరు చితికిపోలేదు. కొన్ని నెలలకు తన నగరంలోనే లాటరీ టికెట్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆయన పడ్డ పాట్లు చూశాక, తర్వాతి బంపర్లు గెలిచిన కొందరు తమ పేరు బయటపెట్టవద్దని లాటరీ శాఖను కోరారు.

పత్రికల్లో పనిచేసేవారికి, ఫోనులో వార్తలు పంచుకునేవారికి నా విన్నపం ఒక్కటే. రేపు మరెవరికో వజ్రం దొరికిందనో, లాటరీ తగిలిందనో, ఎకరా పది కోట్లకు పోయిందనో తెలిస్తే వార్త రాయండి. ఆ మనిషి ఫోటో వేయకండి, ఊరి పేరు రాయకండి.